బోరు నీది, నీళ్లు ఊరందరివి

మిడ్‌మానేరు జలాశయం నిండిన తర్వాత వేములవాడ చుట్టుపక్కల ఎండిన బోర్లు మళ్లీ పోశాయి. రాజన్న సిరిసిల్ల జిల్లాలో భూగర్భజలం దాదాపు ఆరు మీటర్లు పైకొచ్చిందని 2020లో పత్రికలు రాశాయి. సంతోషమే. కానీ ఆ సంతోషంలో పాత అపోహలు మరింత బలపడ్డాయి.

అపోహ: నా పొలం, నా బోరు, నా నీళ్లు.

ఈ నమ్మకానికి మూలం 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం. తన భూమి కిందున్న నీటిని తోడుకునే హక్కు అది భూయజమానికి ఇచ్చింది. గుంట భూమి లేనివాళ్లకు ఆ లెక్కన ఏ హక్కూ లేదు. నీళ్లు మాత్రం గెట్టు దగ్గర ఆగవు. పక్క చేనులో మోటరు రాత్రంతా నడిస్తే తెల్లారేసరికి మీ బాయిలో మట్టం దిగుతుంది. అందుకే 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చింది. దాని ప్రకారం బాయిలు, బోర్లు, బోరుబండ్లు రిజిస్టరు కావాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. తగాదా ముదిరితే తప్ప ఈ చట్టం ఎవరికీ గుర్తు రాకపోవడమే మన దురదృష్టం.

అపోహ: ఇంకా లోతుకు పోతే నీళ్లు పడతాయి.

బోరుబండి దగ్గర నిలబడి చూడండి. మొదట ఎర్రమట్టి, మొరం వస్తాయి. తర్వాత బూడిదరంగు బండపిండి లేస్తుంది. పగులు తగిలితే ఆ పిండి తడిసి బురదై, నీళ్లు పైకి చిమ్ముతాయి. మనది గ్రానైటు రాతినేల. నీళ్లుండేది మొరం పొరలో, దాని కిందున్న పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు తగ్గిపోతాయి. వెయ్యి అడుగులు దింపినంత మాత్రాన కొత్త చెరువేమీ దొరకదు. చాలాసార్లు జరిగేది పక్కవాడి బాయి ఎండడమే. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిందని అప్పు తెచ్చి బోరు వేసేవాళ్లు ముందు భూగర్భ జల శాఖ వాళ్లను అడిగితే మంచిది.

అపోహ: ప్రాజెక్టు వచ్చింది, ఇక దిగులు లేదు.

ప్రాజెక్టు నీళ్లు ఏటా ఒకే తీరుగా రావు. 2023 అక్టోబరులో కాళేశ్వరం ప్రాజెక్టు మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి, అక్కడి ఎత్తిపోత ఆగింది. ఆ తర్వాతి యాసంగిలో కరీంనగర్, సిరిసిల్ల వైపు వరి చేలు ఎండాయి.

ప్రాజెక్టు నీళ్లు రాని ఏడు మిగిలేది వాన నీళ్లే. ఒక్క లెక్క చూడండి. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరం మీద కురిసేది సుమారు 36 లక్షల లీటర్లు. మన రాతినేలలో అందులో పదోవంతు ఇంకినా గొప్పే, అంటే మూడున్నర లక్షలు. యాసంగి వరికి 1200 మిల్లీమీటర్ల నీళ్లు పెడితే ఎకరాకు సుమారు 48 లక్షల లీటర్లు కావాలి. మడిలో పెట్టిన నీటిలో కొంత తిరిగి ఇంకుతుంది, నిజమే. అయినా ఒక ఎకరం వరి ఎన్నో ఎకరాల వానను తాగేస్తుంది. మక్క, నువ్వు లాంటి ఆరుతడి పంటలకు అందులో సగం కూడా అక్కర్లేదు. ఉచిత కరెంటు మోటరు ఖర్చు తగ్గించింది కానీ భూమిలోకి ఒక్క చుక్కను కూడా చేర్చలేదు. ఆటోమేటిక్ స్టార్టరు పెట్టిన చోట కరెంటు వచ్చిందంటే చాలు, అవసరం ఉన్నా లేకున్నా మోటరు నడుస్తూనే ఉంటుంది.

అపోహ: రైతులు ఒక్కమాట మీదికి రారు.

వచ్చారు. 2003 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, నల్గొండ, అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ భూగర్భజలాన్ని లెక్కగట్టుకున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఆ పథకం నడిచింది. వానమాపకం చూసి రాసుకున్నారు, బాయిల్లో మట్టం కొలిచారు, యాసంగికి ముందు ఊరంతా కూర్చుని ఎన్ని నీళ్లున్నాయో, ఏ పంటకు ఎన్ని కావాలో చూసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ హుకుం జారీ చేయలేదు. లెక్క కళ్లముందు కనబడేసరికి చాలామంది తామే వరి తగ్గించుకున్నారు.

వేములవాడ, కోరుట్ల, జగిత్యాల రైతులకు ఒక్కటే విన్నపం. ఈ యాసంగి నారు పోయకముందే ఊళ్లో నాలుగైదు బాయిల మట్టం కొలిచి, ఆ అంకెలు గ్రామపంచాయతీ గోడ మీద రాయించండి. ఎన్ని ఎకరాలు నాటాలో దాని ముందు నిలబడి మాట్లాడుకోండి.