చట్టం చూపు తూటా మీదే

పాత రష్యన్ సైనిక కార్బైన్లంటే చాలా దేశాల్లో తీరని మోజు. ఉక్కునగరం జంషెడ్‌పూర్‌లో ఆ మోజు తీరే దారి లేదు. అడ్డు తుపాకీతో కాదు, అందులో పట్టే గుండుతో.

జంషెడ్‌పూర్‌లో ఉక్కు గురించి ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. 1907లో టాటా కంపెనీ పుట్టిన దగ్గర్నుంచి ఈ ప్రాంతం బతుకంతా దాని చుట్టూ అల్లుకున్నదే. యుద్ధంతోనూ ఈ ఊరికి పాత చుట్టరికం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాకు రైలు పట్టాలు పంపిన సేవకు గుర్తింపుగా 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. రెండో యుద్ధంలో ఇక్కడి కవచపు పలకలు బిగించిన సాయుధ శకటాలను ఏకంగా ‘టాటానగర్’లనే పిలిచేవారు. తెలుగు కుటుంబాలు సహా దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్మికులు తరాలుగా స్థిరపడిన ఈ ఊళ్లో, లోహం మీద పనిముట్టు వదిలిన గీతను చూసి దాన్ని ఎలా చెక్కారో చెప్పగలవాళ్లకు కొదవ లేదు. పాత సైనిక తుపాకుల సేకర్తకు ఉండాల్సిన మొదటి అర్హత సరిగ్గా అదే. అయినా ఇక్కడి ఔత్సాహికుడికి రష్యన్ కార్బైన్‌ను పుస్తకాల్లో, ఫొటోల్లో చూసుకోవడమే గతి.

పొట్టి రైఫిల్, పెద్ద చరిత్ర

కార్బైన్ అంటే పొట్టి రైఫిల్. గుర్రపు దళాలు, ఫిరంగి సిబ్బంది, సిగ్నల్స్ విభాగం లాంటి వారికి నిలువెత్తు రైఫిల్ మోయడం భారం కాబట్టి గొట్టం పొడవు తగ్గించి తయారు చేసేవారు. రష్యాలో దీనికి మూలం 1891లో జారు సైన్యం చేపట్టిన మోసిన్-నాగాంత్ రైఫిల్. సెర్గీ మోసిన్ అనే రష్యన్ అధికారి, లియోన్ నాగాంత్ అనే బెల్జియన్ తయారీదారుల ఆలోచనల కలయిక అది. ఒక్కో గుండుకూ చేత్తో బోల్ట్ తిప్పి లాగాల్సిందే. మేగజైన్‌లో అయిదు గుండ్లు పడతాయి. దాన్ని కుదించి 1938 నమూనా కార్బైన్‌ను, పక్కకు మడిచే బాయ్‌నెట్‌తో 1944లో మరో కార్బైన్‌ను సోవియట్ సైన్యం ప్రవేశపెట్టింది. ఈ రెండోదే ఎం44. యుద్ధం ముగిశాక సిమోనోవ్ రూపొందించిన ఎస్‌కేఎస్ వచ్చింది. పది గుండ్లు పట్టే ఈ తుపాకీకి బోల్ట్ తిప్పే పని లేదు, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పేలుతుంది. మాస్కోలో అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర కాపలా కాసే జవాన్ల చేతుల్లో కనిపించేది ఇదే.

కలాష్నికోవ్ రాకతో ఇవన్నీ మూలపడ్డాయి. సోవియట్ సైన్యం వాటిని పారేయలేదు. మరమ్మతు చేసి, తుప్పు పట్టకుండా చిక్కటి గ్రీజు దట్టంగా పూసి, పెట్టెల్లో పేర్చి గోదాముల్లో దాచింది. 1991లో సోవియట్ యూనియన్ కూలాక ఆ పెట్టెలు ఓడలెక్కాయి. అమెరికాలో ఎన్నో ఏళ్లు ఒక మోసిన్ వంద డాలర్ల లోపే దొరికేది. కొత్త వేట రైఫిల్ ధరతో పోలిస్తే అది చిల్లర కిందే లెక్క.

మోజుకు మొదటి కారణం చౌక. అదొక్కటే అయితే ఇన్నేళ్లు నిలిచేది కాదు. ప్రతి తుపాకీ ఒంటి మీదా దాని జాతకం చెక్కి ఉంటుంది. త్రికోణంలో బాణం ఉంటే ఇజెవ్‌స్క్ కర్మాగారం, నక్షత్రంలో బాణం ఉంటే తూలా. పక్కనే తయారైన సంవత్సరం. చదరపు గడిలో ‘ఎస్‌ఏ’ అని ఉంటే అది ఫిన్లాండ్ సైన్యం చేతికి చిక్కిన తుపాకీ. బోల్ట్ మీద పాత నంబరు కొట్టేసి కొత్తది వేసి ఉంటే యుద్ధానంతరం మరమ్మతుకు వెళ్లినట్టు. 1942 నాటి రైఫిళ్ల మీద పనితనం మొరటుగా ఉంటుంది. జర్మన్ సేనలు స్టాలిన్‌గ్రాడ్ దాకా చొచ్చుకొచ్చిన ఆ ఏడాది నునుపు చేసే తీరిక ఎవరికీ లేదు మరి. ఆ మొరటుతనమే సేకర్త కంటికి నగ.

ఇక పేల్చడం సంగతి. నిలువెత్తు రైఫిల్ కోసం తయారైన తూటాను పొట్టి గొట్టంలోంచి పంపితే మందు పూర్తిగా లోపల కాలదు. మిగిలింది గొట్టం మూతి దగ్గర బంతంత మంటగా ఎగుస్తుంది. చప్పుడు చెవులు చిల్లులు పడేలా, కుదుపు భుజం కమిలేలా ఉంటుంది. ఎం44 గురి బాయ్‌నెట్ తెరిచి ఉన్నప్పటి లెక్కతో సరిచేసింది. మడిచి పేలిస్తే గుండు పడే చోటు మారుతుంది. పాత తూటాల రసాయనాలు గొట్టంలో ఉప్పు వదులుతాయి. ఆ రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పెట్టకపోతే తుప్పు ఖాయం. సుఖమన్నది లేని ఈ తుపాకీ దగ్గరే ఒక రైతుబిడ్డ సైనికుడిగా ఏం అనుభవించాడో భుజానికి తెలుస్తుందన్నది దాని అభిమానుల వాదన.

గీత గీసింది ఎక్కడ?

ఇదే మోజు జంషెడ్‌పూర్‌లో ఒకరికి కలిగితే ఏమవుతుంది? తూర్పు సింగ్‌భూమ్ జిల్లా డిప్యూటీ కమిషనర్ కార్యాలయం ఇచ్చే సాధారణ లైసెన్సుతో 12 బోరు తుపాకీ, 315 రైఫిల్, 32 రివాల్వర్ లాంటివి కొనుక్కోవచ్చు. మోసిన్ కార్బైన్ మాత్రం ఆ పరిధిలోకి రాదు. బోల్ట్ తిప్పేదైనా సరే, 303 లేదా 7.62 మిల్లీమీటర్ల రైఫిళ్లను, ఆ సైనిక తూటాలను పేల్చగల ఏ రైఫిల్‌నైనా ఆయుధ నిబంధనలు కేంద్ర హోం శాఖ మాత్రమే అనుమతించగల కోవలో పెట్టాయి. మోసిన్ తూటా 7.62. నూట ముప్పై ఏళ్లు దాటినా అది నేటికీ సర్వీసులో ఉంది. భారత సైన్యం వాడే ద్రగునోవ్ స్నైపర్ రైఫిల్, టీ-72 ట్యాంకుల్లోని మెషిన్‌గన్ పేల్చేది ఆ తూటానే. ఎస్‌కేఎస్‌ది ఏకే-47 తూటా. పైగా అది సెమీ ఆటోమేటిక్. కాబట్టి దానికి రెండు తలుపులూ మూతే. వీటికి తోడు 1980ల మధ్య నుంచి మామూలు పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతే ఆగిపోయింది.

ఈ ఆలోచన ఇప్పటిది కాదు. 1857 దెబ్బ తిన్న బ్రిటిష్ సర్కారు 1878లో ఆయుధాల చట్టం తెచ్చింది. ఆ తర్వాత తన సైన్యం వాడే 303 తూటా పౌరుల చేతికి అందకూడదనుకుంది. దొంగిలించిన సైనిక గుండ్లు పనికిరాని తుపాకీ కావాలి. దానికి దొరికిన ఉపాయం ఆస్ట్రియా సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల తూటా. అదే మన 315. స్వతంత్ర భారతం 1959లో కొత్త చట్టం చేసుకున్నా తూటాను బట్టి తుపాకీని తూచే పద్ధతిని వదల్లేదు.

విచిత్రం ఏమిటంటే మన సైన్యం వదిలేసిన రైఫిళ్లు కూడా విదేశీ సేకర్తల మురిపెమే. 1962లో చైనాతో యుద్ధం తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ పాత లీ-ఎన్‌ఫీల్డ్‌ను 7.62 నాటో తూటాకు మలిచి 2ఏ, 2ఏ1 పేరుతో తయారు చేసింది. సైన్యానికి అక్కర తీరాక అవి అమెరికా సర్‌ప్లస్ దుకాణాలకు చేరాయి. రష్యన్ మోసిన్ పక్కనే అదే అరలో అమ్ముడుపోయాయి. జంషెడ్‌పూర్‌కు రైల్లో కొన్ని గంటల దూరంలో పుట్టిన రైఫిల్‌ను టెక్సస్ వాసి గోడకు తగిలించుకోగలడు, జంషెడ్‌పూర్ వాసి తగిలించుకోలేడు.

ఆకాశం నుంచి పడిన సరుకు

అలాగని ప్రభుత్వ భయాన్ని కొట్టిపారేయడానికి ఈ ప్రాంతంలో ఎవరికీ నోరు రాదు. 1995 డిసెంబర్ 17 రాత్రి ఒక ఆంతనోవ్-26 విమానం, పొరుగునే ఉన్న పురూలియా జిల్లా పల్లెల మీద పారాచూట్లతో పెట్టెలు జారవిడిచింది. తెల్లారి చూస్తే వందల కొద్దీ ఏకే-47లు, లక్షల్లో తూటాలు. బల్గేరియాలోని బుర్గాస్‌లో ఎక్కించిన సరుకు అది. ప్రచ్ఛన్న యుద్ధం మిగిల్చిన తూర్పు ఐరోపా ఆయుధాలు అమెరికాలో సేకర్త ఇంటికి చేరితే, ఇక్కడ పొలాల్లో పడ్డాయి. 2007 మార్చి 4న జంషెడ్‌పూర్ ఎంపీ సునీల్ మహతో ఘాట్‌శిల సమీపంలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు హాజరైనప్పుడు మావోయిస్టుల కాల్పుల్లో చనిపోయారు. అలాంటి జిల్లాలో సైనిక తూటా అనగానే అధికారి తల అడ్డంగా ఊగడంలో ఆశ్చర్యం లేదు.

అసలు ప్రశ్న వేరు. తూటాను బట్టి గీసిన గీత దాని పని అది చేస్తోందా? నిరపాయమని పౌరులకు వదిలిన 315 తూటాయే ఇవాళ బీహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌లలో నాటు పిస్తోలు ‘కట్టా’కు మేతగా మారింది. మరోవైపు సర్వీసు తూటా అంటూ కట్టడి చేసిన 303ను సర్వీసే వదిలించుకుంటోంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవాన దానికి లాంఛనంగా వీడ్కోలు పలికారు. దొంగ చేతికి దొరికేది దొరుకుతూనే ఉంది. అర్జీ పెట్టుకుని, పోలీసు విచారణకు నిలబడే సేకర్తకే తలుపు మూసుకుంది.

తెరిచిన కిటికీలు చిన్నవి. పేల్చడానికి ఎలాగూ వీల్లేని, మరమ్మతు చేసినా పనికిరాని పాతకాలపు ఆయుధాలను 1959 చట్టమే మినహాయించింది. క్యూరియోగా పరిగణించే చిన్న ఆయుధాలను దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని 2020లో కేంద్రం ప్రకటించింది. వాటిని వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా మాత్రం లైసెన్సు తప్పదు. అంతకు ముందు ఏడాది సవరణతో ఒక వ్యక్తి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. పోటీల్లో పాల్గొనే షూటర్లకు సడలింపులున్నా, చరిత్ర మీద మక్కువతో సేకరించే మనిషికి వాటితో ఒరిగేదేమీ లేదు.

విదేశాల్లోనూ ఆ పండగ ముగింపుకొచ్చింది. రష్యా నుంచి తుపాకులు, తూటాల దిగుమతికి కొత్త అనుమతులను అమెరికా 2021లో నిలిపేసింది. గ్రీజు పెట్టెలు ఖాళీ అయ్యాయి, వంద డాలర్ల మాట పాతదైపోయింది. ఇక జంషెడ్‌పూర్‌లో లైసెన్సుదారుకు మిగిలింది 315 రైఫిల్. ఇషాపూర్‌లో పుట్టిన ఆ తుపాకీ తూటా వేరు గానీ, యంత్రాంగం పాత లీ-ఎన్‌ఫీల్డ్‌దే. బోల్ట్ వెనక్కి లాగితే వినిపించేది అచ్చం త్రీనాట్‌త్రీ చప్పుడే.