గర్భం వద్దనుకున్న మహిళకు సలహా ఎవరిస్తున్నారు? అందులో నిజమెంత?

అబ్దుల్లాపూర్‌మెట్: సికింద్రాబాద్‌లోని యూనివర్సల్ సృష్టి ఫెర్టిలిటీ సెంటర్ కేసు 2025 జూలైలో బయటపడింది. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డే అంటూ తమకు ఇచ్చిన శిశువుతో రక్తసంబంధం లేదని రాజస్థాన్‌కు చెందిన దంపతులకు డీఎన్‌ఏ పరీక్షలో తెలిసింది. నిర్వాహకురాలు డాక్టర్ నమ్రతతో పాటు పలువురిని పోలీసులు అరెస్ట్ చేశారు. అబార్షన్ కోసం తిరుగుతున్న పేద మహిళలను ఏజెంట్లు పట్టుకుని, డబ్బు ఆశ చూపి గర్భం కొనసాగించేలా ఒప్పించారన్నది పోలీసుల ఆరోపణల్లో ఒకటి. నిజానిజాలు కోర్టు తేల్చాలి. కానీ ఈ ఆరోపణ ఒక ప్రశ్న లేవనెత్తింది. కష్టంలో ఉన్న గర్భిణికి సలహా ఇచ్చేవాళ్లకు అందులో సొంత లాభం ఉంటే ఆ సలహాను నమ్మేదెలా?

అమెరికాలోనూ ఇదే గొడవ

అక్కడ 'క్రైసిస్ ప్రెగ్నెన్సీ సెంటర్లు' 2 వేలకు పైగా ఉన్నాయి. చాలావరకు అబార్షన్‌ను వ్యతిరేకించే సంస్థలే వీటిని నడుపుతాయి. ఉచిత పరీక్ష అని పిలిచి, అబార్షన్ చేయించుకుంటే రొమ్ము క్యాన్సర్ వస్తుందని, మళ్లీ పిల్లలు పుట్టరని కొన్ని సెంటర్లు భయపెడతాయన్న విమర్శ ఉంది. అబార్షన్ వల్ల రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరగదని అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 2003లోనే తేల్చింది. అర్హత ఉన్న డాక్టర్ సరైన పద్ధతిలో చేస్తే తర్వాత గర్భం రావడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు.

చట్టం ఏం చెబుతోంది?

మన దగ్గర 1971 ఎంటీపీ చట్టం ఉంది. దాన్ని 2021లో సవరించారు. చట్టంలో చెప్పిన కారణాలు ఉంటే 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవారు, విడాకులైనవారు వంటి కొన్ని వర్గాలకే వీలుంది. దానికి ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. 24 వారాలు దాటాక శిశువుకు తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం కాపాడాల్సిన అత్యవసరంలో ఈ గడువులు అడ్డు కావు.

18 ఏళ్లు నిండిన మహిళ తన సమ్మతి ఇస్తే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. మైనర్ అయితే గార్డియన్ రాతపూర్వక సమ్మతి కావాలి. పెళ్లికాని మహిళలకూ ఈ హక్కు సమానమేనని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. పేరు బయటపెట్టిన డాక్టర్‌కు ఏడాది వరకు జైలు పడొచ్చు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. చట్టం చెప్పే రిజిస్టర్డ్ డాక్టర్ వేరు, ఊళ్లో మనం పిలిచే ఆర్‌ఎంపీ వేరు. మెడికల్ షాపులో అడిగి మాత్రలు మింగడం ప్రాణాల మీదకు తెస్తుంది.

దీన్ ప్రశ్న

మన ఇళ్లలో 'ఇది జాయజేనా' అన్న ప్రశ్న కూడా వస్తుంది. 120 రోజుల తర్వాత తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప అబార్షన్ కూడదన్నది ఎక్కువమంది ఉలమా మాట. అంతకుముందు విషయంలో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఆ ప్రశ్న ఆలిమ్‌ను అడగాలి, ఆరోగ్యం గురించి డాక్టర్‌ను అడగాలి. దీన్ పేరు చెప్పి వైద్యం గురించి అబద్ధం చెప్పడం మాత్రం కౌన్సెలింగ్ కాదు.

బిడ్డను పెంచలేనంటే?

బిడ్డను కనాలని నిర్ణయించుకున్నా, పెంచే స్తోమత లేకపోతే చట్టబద్ధమైన దారి ఉంది. చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు బిడ్డను అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి తల్లిదండ్రులకు 2 నెలల గడువు ఉంటుంది. ఇందులో ఎవరికీ పైసా ఇవ్వాల్సిన పని లేదు. బిడ్డను అమ్మడం, కొనడం రెండూ నేరాలే. శిక్ష 5 ఏళ్ల వరకు, ఆసుపత్రి సిబ్బందికి ప్రమేయం ఉంటే 7 ఏళ్ల వరకు ఉంటుంది.

కాబట్టి సలహా ఇచ్చేవాళ్లను మూడు మాటలు అడగండి. మీరు డాక్టరేనా? అన్ని దారులూ చెబుతున్నారా? నా నిర్ణయంతో మీకేమైనా డబ్బు వస్తుందా? సూటిగా జవాబు రాకపోతే అక్కడినుంచి లేచి రావడమే మంచిది. సర్కారు దవాఖానకు వెళ్లొచ్చు, లేదా మహిళా హెల్ప్‌లైన్ 181కి, పిల్లల విషయమైతే 1098కి ఫోన్ చేయొచ్చు.