లాగ్‌బుక్కులో వ్రాయని మందు

మన కర్మాగారాలలో ఒక నియమం ఉన్నది. బాయిలరు నీటిలో ఏ రసాయనం కలిపినా, ఎంత కలిపినా లాగ్‌బుక్కులో వ్రాయవలసిందే. వ్రాయకపోతే రేపు ట్యూబు పాడైనప్పుడు కారణం ఎవరికీ అంతుబట్టదు. ముప్పై ఏళ్లుగా ఈ నియమాన్ని ఇతరులకు బోధించిన నేను, అది మా ఇంటిలోనే తప్పినప్పుడు గమనించలేకపోయాను.

మా బావగారిది యానాం. పెద్దప్రేగు క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, కీమోథెరపీ నిమిత్తం పుదుచ్చేరి వచ్చి తట్టాంచావడిలోని మా ఇంట బస చేశారు. రెండు విడతలు సక్రమంగా గడిచాయి. మూడవ విడతకు ముందు చేసిన రక్తపరీక్షలో కాలేయపు ఎంజైములు బాగా పెరిగినట్లు తేలింది. డాక్టరు గారు చికిత్సను వాయిదా వేసి, "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగారు. "లేదండీ" అన్నారు బావగారు.

ఆ రాత్రి అక్కయ్య ఒక పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. సింగపూరులో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు పంపిన చైనా మూలికల చూర్ణమది. రెండుపూటలా కషాయం కాచి ఇస్తున్నదట. "పిల్లవాడు అంత ఆశతో పంపాడురా తమ్ముడూ! చెబితే వద్దంటారేమోనని భయపడ్డాను" అంటూ కంటతడి పెట్టింది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

మూలికలలో శక్తి లేదనడం సత్యదూరం. చైనాలో పెరిగే ఒక చెట్టు నుండి కాంప్టోథెసిన్ అనే పదార్థాన్ని వేరుచేసిన సంగతిని 1966లో అమెరికాలో మన్రో వాల్, మహారాష్ట్రలో జన్మించిన మన్‌సుఖ్ వాణీ ప్రకటించారు. 1972లో గోవిందాచారి, విశ్వనాథన్ అదే పదార్థాన్ని మన పశ్చిమ కనుమల చెట్టులోనూ కనుగొన్నారు. అయితే ముడిపదార్థం రోగులకు తీవ్రమైన హాని కలిగించింది. దాని నిర్మాణాన్ని మార్చి, మోతాదు నిర్ణయించి, పరీక్షించిన మీదటనే ఇరినోటెకాన్ అనే మందు 1996లో అమెరికాలో పెద్దప్రేగు క్యాన్సరుకు ఆమోదం పొందింది. ఈ మందు వలన ప్రేగులకు కలిగే బాధను, అతిమధురం మొదలైన నాలుగు దినుసుల ప్రాచీన చైనా యోగం ఎలుకలలో తగ్గించినట్లు యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించారు. అక్కడ ప్రతి దినుసునూ, ప్రతి మోతాదునూ కొలిచారు. మా ఇంటి పొట్లం మీద మాకు చదవవచ్చిన అక్షరం ఒక్కటీ లేదు.

ప్రమాదం అక్కడే పొంచి ఉన్నది. బెల్జియంలో బరువు తగ్గడానికి వాడిన చైనా మూలికలలో ఒకదానికి బదులు ఈశ్వరి జాతి మొక్క చేరినందువలన పలువురు స్త్రీల మూత్రపిండాలు చెడిపోయాయి. 1993లో ఈ సంగతి వెలుగులోకి వచ్చింది. ఇక కీమోథెరపీ మందులలో అనేకం కాలేయం, మూత్రపిండాల ద్వారానే విసర్జింపబడతాయి. మూలిక ఆ మార్గానికి అడ్డుపడితే మందు విషమవుతుంది. వేగిరపరిస్తే మందు పనిచేయకుండానే పోతుంది.

మరునాడు పొట్లం తీసుకుని ఆసుపత్రికి వెళ్లాము. డాక్టరు గారు కోపగించలేదు. కేసు కాగితంలో వ్రాసుకుని, "చికిత్స పూర్తయ్యేవరకు దీనిని ఆపండి. ఇకమీదట ఏది వాడదలచినా ముందు నాకు చూపండి" అన్నారు. కొన్ని వారాలకు ఎంజైములు తగ్గాయి, చికిత్స తిరిగి మొదలైంది. దోషం కషాయానిదేనని నేను రూఢిగా చెప్పను. కీమోథెరపీ వలన కూడా ఎంజైములు పెరగవచ్చు. కానీ దాచినంతకాలం ఆ ప్రశ్న వేసుకునే అవకాశం కూడా డాక్టరుకు లేకపోయింది.

సోదర ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు నా మనవి ఒక్కటే. మలంలో రక్తం కనిపించినా, మలవిసర్జన అలవాటు మారి వారాల తరబడి అలాగే ఉన్నా, మొలలేనని ఊరకుండక పరీక్ష చేయించుకోండి. చికిత్స పొందుతున్నవారు కషాయమైనా, లేహ్యమైనా, విటమిను మాత్రయైనా డాక్టరుకు చెప్పి మాత్రమే వాడండి.

ఇప్పుడు మా అక్కయ్య ఒక నోటుపుస్తకం పెట్టింది. బావగారు పుచ్చుకునే ప్రతి మాత్రా, ప్రతి మందూ తేదీతో సహా అందులో వ్రాస్తున్నది. మొదటి పుటలో మొదటి పంక్తి ఆ చూర్ణం గురించే.