బరువు తేలాకే పంజా బేరం!

టంగుటూరు: చిల్లకంప తీయించి బీడును సాగులోకి తేవాలన్నా, సుబాబుల్, సరుగుడు కర్రను ట్రాక్టరుకు ఎత్తించాలన్నా కూలీలు దొరకని రోజున రైతు చూపు యంత్రం మీదికే పోతుంది. అప్పు చేసి చిన్న లోడరు కొని, దానికి కంప పట్టే పంజా తగిలించి అద్దెలకు తిప్పుకుందామనుకునే యువకులూ ఉన్నారు. బండి కొనేటప్పుడు పదిమందిని అడుగుతారు. పంజా దగ్గరికి వచ్చేసరికి షాపువాడు చూపించిందే తెచ్చుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది. వాయిదా కట్టాల్సిన డబ్బు వెల్డింగు షాపుకు పోతుంది. ఒక్కోసారి బండే ముందుకు తూలుతుంది.

జనం బాబ్‌క్యాట్ అని పిలిచే ఈ బండి అసలు పేరు స్కిడ్ స్టీర్ లోడరు. బాబ్‌క్యాట్ అన్నది దాన్ని తయారుచేసే ఒక కంపెనీ పేరు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక టర్కీ కోళ్ల రైతు, షెడ్డులో స్తంభాల మధ్య తిరుగుతూ పెంట ఎత్తే చిన్న బండి కావాలని అడిగాడు. రోత్సే అనే చిన్న ఊళ్లో మరమ్మతుల షాపు నడిపే కెల్లర్ సోదరులు 1957లో మూడు చక్రాల బండి చేసి ఇచ్చారు. నాలుగు చక్రాలది 1960లో వచ్చింది. దీని చక్రాలు కారు చక్రాల్లా పక్కకు మళ్లవు. ఒక పక్కవి ముందుకు, రెండో పక్కవి వెనక్కు నడిస్తే బండి నిలుచున్న చోటే గిర్రున తిరుగుతుంది. ఇరుకు షెడ్డులో అది వరమే. వాన పడ్డ నల్లరేగడిలో మాత్రం తిరిగిన ప్రతిచోటా నేలను చెక్కి గుంట చేస్తుంది.

కంపకు ఒకటి, కర్రకు ఒకటి

పంజాను కంపెనీవాళ్లు గ్రాపిల్ అంటారు. కింద దువ్వెనలా ఇనుప పళ్లు, పైన మూసుకునే దవడ ఉండేది కంపకు పనికొస్తుంది. పళ్ల సందుల్లోంచి మట్టి రాలిపోతుంది, కంప మిగులుతుంది. అడుగున రేకు మూసి ఉండే బకెట్టు పంజాతో అదే పని చేస్తే పొలంలోని మంచి మట్టంతా కుప్పలోకి చేరుతుంది. పశువుల పెంట, ఇళ్లు పడగొట్టిన శిథిలాలు ఎత్తడానికైతే ఆ బకెట్టు రకమే కావాలి. సుబాబుల్ దుంగలకు ఈ రెండూ అంత నప్పవు. తొక్క తీసిన పచ్చికర్ర జారుతుంది. దవడ బాగా వంపు తిరిగి, చివరలు దాదాపు కలిసేదాకా మూసుకుంటేనే కట్ట నిలుస్తుంది.

పై దవడ ఒక్కటే పలకగా ఉండేవీ, రెండుగా విడిపోయి దేనికది మూసుకునేవీ ఉన్నాయి. ఒక పక్క లావు మొద్దు, మరో పక్క సన్న కొమ్మలు ఉండే చిల్లకంపకు రెండు దవడలదే మేలు. ఒకే దవడైతే మొద్దును పట్టుకుని ఆగిపోతుంది, రెండో పక్క కంప దారంతా రాలుతుంది.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. పంజా ఉన్నది పోగుచేసి ఎత్తడానికే గాని చెట్టు పెకలించడానికి కాదు. పాతుకున్న చిల్లమొద్దు కింద ఒక మూల పన్ను పెట్టి ఎగదన్నితే పన్ను వంగుతుంది, లేదా ఫ్రేమే మెలి తిరుగుతుంది. మొదలు పైపైన నరికితే చిల్ల మళ్లీ చిగురిస్తుంది కాబట్టి, వేరుబుడిపెతో సహా తవ్వి తీసే పని పెద్ద పొక్లెయినుకు వదిలేయాలి. సుబాబుల్ తోటలో ఇందుకు భిన్నమైన జాగ్రత్త అవసరం. అక్కడ మోళ్ల నుంచే తిరిగి పంట రావాలి. లోడరును మోళ్ల మీద తిప్పితే చిగుళ్లూ పోతాయి, టైర్లూ పోతాయి. కర్రను గట్టు మీదికి చేర్చి అక్కడ ఎత్తించుకోవడమే మంచిది.

లెక్క ఇలా వేయాలి

చక్రాల లోడరు కాగితాల్లో రాసే ఎత్తే బరువు, బండిని ముందుకు పడదోసే బరువులో సగం. 800 కిలోలు అని రాసి ఉంటే 1600 కిలోల దగ్గర వెనక చక్రాలు లేస్తాయని అర్థం. అదీ చదునైన గట్టి నేల మీద మాటే. గట్లు, గతుకులు ఉన్న పొలంలో అంతకు ముందే లేస్తాయి. మామూలుగా ఈ లెక్క కంపెనీ బకెట్టు తగిలించి కట్టిందే. ఉదాహరణకు బకెట్టు 200 కిలోలు, పంజా 400 కిలోలు అనుకుంటే ఆ తేడా 200 పోయి 600 మిగులుతుంది. దుంగలు బకెట్టులో కంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి అదీ పూర్తిగా దక్కదు. పెద్ద పంజా చూసి ముచ్చటపడితే చివరకు ఎత్తేది ఇనుమునే.

వెడల్పు మాత్రం బండి టైర్ల బయటి అంచుకు తగ్గకూడదు. తగ్గితే పంజా వదిలేసిన ముళ్లమీద టైరు ఎక్కుతుంది. చిల్లముల్లు సంగతి పంక్చర్ షాపులవారికి బాగా తెలుసు.

కొనేముందు పంజాను బండికి తగిలించి చూపించమనాలి. తగిలించే ప్లేటు అన్ని బండ్లకూ ఒకటే అని అమ్మేవారు చెబుతారు గాని పాత బండ్లలో తేడాలున్నాయి. దవడను ఆడించే హైడ్రాలిక్ సిలిండర్లకు పైన ఇనుప కవచం ఉందా, ఆయిలు గొట్టాలు కొమ్మలకు తగులుకోకుండా ఫ్రేము లోపలి నుంచి వెళ్లాయా అన్నది వంగి చూడాలి. గొట్టం తెగితే ఆ పూట పని పోయినట్టే, ఆయిలు ఖర్చు అదనం. ప్రతి పిన్ను దగ్గరా గ్రీజు కొట్టే నిప్పిల్ ఉండాలి. పాత పంజా అయితే దవడను చేత్తో అటూ ఇటూ ఊపండి. లొడలొడలాడితే బుష్‌లు అరిగాయన్నమాట. రంగు కొత్తగా ఉంటే వెల్డింగు అతుకుల దగ్గర మరింత దగ్గరగా చూడాలి.

బరువెత్తాక డ్రైవరు చేతులను కిందికి దించుకునే నడపాలి. పంజా ఎత్తి ఉండగా కింద జారిన కర్రను సర్దడానికి కూలీలు దూరడం అన్నిటికంటే ప్రమాదం. ఎత్తిన చేతులను ఆపే లాకు బండికి ఉంటుంది. మరమ్మతు అయినా సరే, అది వేయకుండా ఎవరినీ కిందికి పోనివ్వకూడదు.

కొటేషన్ తీసుకునేటప్పుడు ధర, వెడల్పుతోపాటు పంజా బరువు ఎన్ని కిలోలో కూడా రాయించుకోండి. రాయడానికి వెనకాడే షాపులో బేరం మానుకోండి.