వేసవికి ముందే వృద్ధుల దేహమును ఎండకు అలవరచుట

1998 వేసవిలో ఒడిషా రాష్ట్రమందు వడదెబ్బవలన 2,042 మంది మరణించినట్లు ప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. బరంపురము, గంజాము ప్రాంతములలో తరతరములుగా నివసించు తెలుగువారికి అది పరాయివార్త కాదు. ఆ పిమ్మట చలివేంద్రములు, బడివేళల మార్పులు, ముందుగా తెలుపు హెచ్చరికలు వచ్చినవి. ఇవి యన్నియు బయటి ఏర్పాట్లు. దేహము లోపల జరుగవలసిన ఏర్పాటు వేరొకటి కలదు. ఎండలు ముదిరిన పిదప దానికి వ్యవధి యుండదు.

మనుష్యదేహము వేడికి క్రమముగా అలవడును. ప్రతిదినమును కొంతసేపు దేహము వెచ్చబడి చెమట పట్టుచుండినయెడల, మొదటి కొన్ని దినములలోనే రక్తమందలి ద్రవభాగము పెరుగును. అప్పుడు గుండె మునుపటియంత వడిగా కొట్టుకొనకయే చర్మమునకు రక్తమును పంపగలుగును. అటుపై చెమట త్వరగా పుట్టును, ఎక్కువగా పట్టును, దానితో పోవు ఉప్పు తగ్గును. ఈ మార్పునకు సామాన్యముగా ఒకటి రెండు వారములు పట్టును. దక్షిణాఫ్రికా బంగారు గనులలో 1930ల నాడే కొత్త కార్మికులను ఇట్లు అలవరచి, పిదపనే లోతైన వేడి సొరంగములకు పంపు పద్ధతి యేర్పడినది. 2001లో మూతపడిన కోలారు గనులు 3 కిలోమీటర్లకు మించిన లోతు గలవి. అచటి తెలుగు కార్మికుల సంతతివారికి పాతాళపు వేడిమి యెట్టిదో వివరింపనక్కరలేదు.

వయసు మీరినవారిలో చెమట తగ్గును, చర్మమునకు రక్తము పారుట మందగించును, దప్పి తెలియుటయు మొద్దుబారును. “నాకు దాహము లేదు” అను పెద్దలమాట నిజమే, కాని దేహమునకు నీరు అక్కరలేదనుటకు అది సాక్ష్యము కాదు. అయినను వృద్ధదేహము అలవడనే అలవడదనుట పొరపాటు. అలవడును, కాకపోయిన కొంత ఆలస్యముగా, కొంత తక్కువగా. పెద్దలను మాఘమాసమునుండియే నీడ విడువనీయక కాపాడుట ప్రేమయే. కాని వైశాఖమున ఏదో పెండ్లికి బయలుదేరిననాడు, ఏ సాధనయు లేని దేహముతో వారు ఎండలో నిలువవలసి వచ్చును.

శివరాత్రికి చలి శివశివా యని పోవుననియు, రోహిణీకార్తెలో రోళ్లు పగులుననియు నానుడులు. రెంటి నడుమ ఇంచుమించు మూడు నెలల వ్యవధి కలదు. అయితే దానిని నమ్మి తీరికగా కూర్చుండరాదు. భారతదేశమున 1901 నుండి 2022 వరకు లెక్కకు వచ్చిన మార్చినెలలలో పగటి వేడిమికి 2022 మార్చియే మొదటిది. కావున ఉగాదివరకు ఆగక శివరాత్రి దాటగానే ఆరంభించుట మేలు.

ఆరంభమునకు ముందు వైద్యుని అడుగవలెను. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారి విషయమున ఇది తప్పనిసరి. తరువాత ఉదయము కొంచెము పొద్దెక్కినపుడు, తోడు ఒకరుండగా, పది నిమిషములు మెల్లగా నడచిన చాలును. రెండుమూడు దినములకొకమారు అయిదేసి నిమిషములు పెంచుకొనుచు ముప్పావుగంటవరకు పోవచ్చును. ఒంటికి చిరుచెమట పట్టవలెను. తల తిరిగినను, గుండె దడదడలాడినను ఆనాటికి ఆపివేయవలెను. గొప్ప శ్రమకంటె నాగా లేకుండుట ముఖ్యము. నడువలేనివారికై వేడినీటి తొట్టిలో మునిగి కూర్చుండు పద్ధతినికూడ పరిశోధకులు పరీక్షించిరి. కాని లేచునపుడు రక్తపుపోటు పడి కూలిపోవు ప్రమాదము కలదు గనుక వైద్యుడు చెప్పనిదే అది తగదు. తలంటుస్నానము దానికి సాటియని కొందరు తలపవచ్చును. చెంబుతో పోసికొను నీరు చర్మమును వెచ్చజేయునే గాని దేహపు లోవేడిమిని చాలినంత పెంచదు.

ఊరినిబట్టి యెండ తీరు మారును. బళ్లారి, రాయచూరు, చంద్రపూరులలో వేసవిగాలి పొడిగానుండును. చెమట పట్టినట్లే తెలియక ఆరిపోవును, నీరు పోయినసంగతి మనిషి యెరుగడు. అచట తడిగుడ్డ ఒంటిపై వేసికొనుట మిక్కిలి మేలు చేయును. గాలి 40 డిగ్రీలు దాటినపుడు ఒట్టి పంకాగాలి చల్లదనమునకు బదులు వేడినే దేహమునకు చేర్చును. బరంపురము, యానాము, చెన్నపట్టణములలో ఉక్కపోత ఎక్కువ. చెమట ధారగా కారును గాని ఆరదు; ఆరని చెమట చల్లబరచదు. అలవాటువలన పెరిగిన చెమటకూడ ఇచట కొంత వృథా యగును. కావున తీరవాసులకు గాలి ఆడు చోటు, పంకా ముఖ్యము. వాతావరణశాఖవారు వడగాలులను ప్రకటించుటకు మైదానములలో 40 డిగ్రీలను, తీరమున 37 డిగ్రీలనే కనీసముగా పెట్టుకొనుటకూడ గమనింపదగినది.

అలవడిన దేహము ఎక్కువ చెమటోడ్చును గనుక దానికి నీరును ఎక్కువే కావలెను. దప్పికై ఎదురుచూడక కొద్దికొద్దిగా త్రాగుచుండవలెను. గంజాము తెలుగువారి తరవాణి, కన్నడసీమ తెలుగువారి రాగిఅంబలి, అందరి మజ్జిగ ఇందుకు చక్కనివే. ఉప్పును, నీటినికూడ వైద్యుడు తగ్గింపుమన్నవారు ఆ కొలతను దాటరాదు. మూత్రము ఎక్కువగా పోవుటకిచ్చు మందులు, గుండెవేగమును తగ్గించు మందులు, కొన్ని మానసికవ్యాధుల మందులు వేడిని తట్టుకొను శక్తిని తగ్గించును. వేసవి రాకముందే వైద్యునితో ఆ మాట ముచ్చటింపవలెను గాని, వానిని తమంతట మానరాదు.

వడగాలుల హెచ్చరిక వచ్చిననాడు సాధన కూడదు. ఎంత అలవడిన దేహమైనను వడదెబ్బకు అతీతము కాదు. ఒళ్లు కాలిపోవుచు, మాట తడబడినను, తెలివి తప్పినను వెంటనే నీడకు చేర్చి, ఒంటినిండ నీరు పోయుచు విసరుచు 108కి కబురుచేయవలెను. చెమట పట్టుచున్నదిగదా యని ఉపేక్షింపరాదు. తెలివి లేనివారి నోట నీరు పోయరాదు.

ఈ అలవాటు నిలువ యుండునదియు కాదు. వేడికి దూరమైన వారమునకే సడలనారంభించి, మూడు నాలుగు వారములలో చాలవరకు పోవును. ఫాల్గుణమున చక్కగా నడచిన బళ్లారి పెద్దమనిషి, చైత్రమంతయు బెంగుళూరిలో కుమారుని యింట చల్లయంత్రపు గదిలో గడపి వైశాఖమున తిరిగివచ్చినయెడల, మునుపటి ముప్పావుగంట నడకకు పూనుకొనరాదు. కొన్నాళ్లు ఇంటిపట్టుననే యుండి, హెచ్చరికలు లేని దినము చూచుకొని, తెల్లవారుజామున మరల పది నిమిషములతోనే మొదలుపెట్టవలెను.