సుపీరియర్ తీరాన మంచుగుహలు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని సిర్పూర్(యు), గిన్నెదరి వంటి చోట్ల చలి ముదిరిన రాత్రుల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు జారినా, అక్కడి చెరువులు గడ్డకట్టవు. నీరు 4 డిగ్రీల వద్ద అత్యంత బరువెక్కి అడుగుకు దిగుతుంది కనుక, చెరువంతా ఆ స్థితికి చల్లారి, ఆపై పైపొర సున్నాకు చేరితేనే మంచు పేరుకుంటుంది. అంతలోనే తెల్లవారి ఎండ వస్తుంది.

ఆ షరతు నెరవేరే చోటు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు ఉత్తర కొసన ఉన్న అపోసల్ ఐలాండ్స్ తీరం. అక్కడి సుపీరియర్ సరస్సు విస్తీర్ణం సుమారు 82,100 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో దాదాపు ముప్పాతిక భాగం. దాని అలలు ఒడ్డున నిలిచిన ఇసుకరాయి కొండచరియల పాదాలను కోయగా, పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బి రాతిని చీల్చగా గుహలు ఏర్పడ్డాయి. గోదావరి లోయలోనూ ఇసుకరాయికి కొదవ లేదు. లేనివి ఆ అలలూ, ఆ చలీ.

శీతకాలంలో రాతి సందుల నుంచి ఊరే నీరు చుక్క చుక్కగా గడ్డకట్టి, గుహల కప్పుల నుంచి ఊడల్లా వేలాడుతుంది. గాలిబుడగలు నిండిన మంచు తెల్లగా, ఖనిజాలు కలిసినది పసుపుగానో ఎర్రగానో కనిపిస్తుంది. దళసరి, స్వచ్ఛమైన మంచు కాంతిలోని ఎరుపును పీల్చుకుని నీలంగా మెరుస్తుంది.

వేసవిలో పడవలో చేరే ఈ గుహలకు శీతకాలంలో మేయర్స్ బీచ్ నుంచి గడ్డకట్టిన సరస్సు మీదుగా సుమారు 1.6 కిలోమీటర్లు నడవాలి. అసలు చిక్కు చలితో కాదు, గాలితో: ఒక్క పెనుగాలికి మంచుపలక విరిగి సరస్సు లోపలికి కొట్టుకుపోగలదు. అందుకే అధికారులు మంచు గట్టితనాన్ని పరీక్షించాకే దారి తెరుస్తారు. 2014లో జనవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా సుమారు 1,38,000 మంది చూడగా, 2015లో దారి తొమ్మిది రోజులే తెరిచి ఉంది.

ఫొటోలు తీసేవారిని అక్కడి తెలుపే మోసగిస్తుంది. కెమెరాలోని కాంతిమాపకం ప్రతి దృశ్యాన్నీ నడిమి బూడిదరంగుగా లెక్కిస్తుంది కనుక మంచు మాసినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు పెంచితే తేటపడుతుంది. చలికి బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది కాబట్టి, అదనపు బ్యాటరీని ఒంటి వెచ్చదనం తగిలే లోపలి జేబులో ఉంచుకోవాలి. చల్లబడ్డ కెమెరాను వెచ్చని గదిలోకి తెస్తే గాలిలోని తేమ కటకంపై చెమ్మగా పడుతుంది. వానాకాలంలో కరీంనగర్‌లో ఏసీ కారు దిగగానే కళ్లద్దాలు మసకబారడమూ ఇందువల్లే. అందుకే గది లోపలికి వచ్చేముందే కెమెరాను ప్లాస్టిక్ సంచిలో బిగించి, గది వేడికి చేరేదాకా తెరవకూడదు.