మాధవరము త్రోవలో నిలిచిన ప్రశ్న

ఆదోని నుండి రాయచూరునకు పోవు జాతీయ రహదారిపై, తుంగభద్రకు చేరువను, మాధవరమను గ్రామము కలదు. పశ్చిమ కర్నూలు సీమలో రాకపోకల మంచిచెడ్డలు తెలియగోరువారు అచట ఒక పూట నిలిచిచూచిన చాలును. మంత్రాలయ యాత్రికుల బస్సులును, ప్రత్తి లారీలును, మూటాముల్లెలతో పనులకై దూరదేశములకు తరలు కూలి కుటుంబములును కానవచ్చును. సమీపముననే బొంబాయి-మద్రాసు రైలు సాగిపోవుచుండును. రైలు చెంతనుండియు ఈ సీమకు వలస ఏల తప్పకున్నది?

ఆ మార్గము 1871లో రాయచూరునొద్ద రెండు కొసలును కలిసి పూర్తియైనది. పరప్రభుత్వమువారు రేవునకు రేవును కలిపిరేగాని ఊరికి ఊరును కలుపలేదు. ప్రత్తి బేళ్లు రేవులకు పోయినవి; మిల్లుబట్టలు తిరిగివచ్చినవి. కొద్ది ఏండ్లకే 1876-78 నాటి ఘోరక్షామము దాపురించెను. రైళ్లు ధాన్యమును స్టేషనులకు తెచ్చినవి. కాని పశువులు మేతలేక చచ్చుటచే పల్లెలకు బండ్లు కదలలేదు. బీదలచేత కొనుటకు కాసులేదు. బాటలేని రైలు కడుపు నింపదని ఆ క్షామము మనకు నేర్పిన పాఠము.

పరపాలన 1947లో ముగిసినది. పాఠము మాత్రము ఇంకను వంటబట్టలేదు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరునకు నేటికిని రైలు లేదు. కర్నూలు నుండి రైలుమీద మంత్రాలయము పోవలెనన్న డోను, గుంతకల్లు, ఆదోనులను చుట్టి, రోడ్డు దూరమునకు రెట్టింపు తిరుగవలెను. అట్లు తిరిగి మంత్రాలయము రోడ్డు స్టేషనున దిగినను, క్షేత్రమునకు మరల బస్సే శరణ్యము. ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు-మంత్రాలయము మార్గము వేయుడని ప్రజలు దశాబ్దములుగా మొరపెట్టుచునే యున్నారు.

రాబడి చాలదని కొందరందురు. దారియే లేనిచోట రాబడిని లెక్కించుట బావి త్రవ్వక నీటిని కొలుచుటవంటిది కాదా?

రైలు వచ్చునంతదాక రోడ్డునైన నిలుపుకొనవలెను. ఇచటి నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును. అట్టి నేలపై పలుచగా తారు పరచిన రెండు వానలకే గుంటలగును. క్రింద మొరము దిట్టముగా వేసి, ప్రక్కల నీరు పోవు కాలువలు తీసిననే రోడ్డు నిలుచును. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయమును ముంచినది. నీటిదారి నెఱుగక కట్టిన కట్టడమెంత నిలుచునో నాడే తెలిసినది.

కావున అధికారులు సిద్ధపరచు అంచనాలలో కిలోమీటర్ల లెక్క మాత్రమే చాలదు. వానకాలపు రాత్రి పురిటినొప్పులుపడు స్త్రీ పల్లె నుండి ఆదోని ఆసుపత్రికి చేరగలదా? రైతు లారీ బాడుగకే తన లాభమును ధారపోయక ప్రత్తి అమ్ముకొనగలడా? నేతగాని బట్ట అదనుకు సంతకు చేరునా? వీనిని లెక్కింపవలెను. భూవసతిగల పెద్దలును పట్టణ వర్తకులును ఏకకంఠముతో అడిగిననాడుగాని ఈ లెక్క తేలదు. కూలివాడు వలసపోయి యున్నాడు. వాని పక్షమున అడుగవలసినది మనమే.